అత్తమ్మ కత్తెరకు తుప్పు పట్టించిన ఆషాఢం

ఆ రోజుల్లో, అంటే మరీ ఎడ్లబండ్ల కాలం అనుకునేరు, అందరి చేతుల్లో ఫోన్లూ ఫోన్లలో వీడియోలూ ఉన్న రోజులే, భయపడే విషయంలో నన్ను మించినవాళ్ళు మా చుట్టాల్లో లేరు. కొత్తగా కాపురానికి వెళ్ళిన పిల్ల వేటికి భయపడుతుందో వాటన్నిటికీ భయపడేదాన్ని. కుక్కరు ఎన్ని కూతలు పెట్టాక దించాలో అడగటానికి భయం, అడగకుండా దించటానికి ఇంకా భయం. తుమ్ము వస్తే పెరట్లోకి పరుగెత్తి తుమ్మి వచ్చేదాన్ని. మా అత్తమ్మ నన్ను ఒక్క మాట అనేది కాదు. అనకపోవటంతో ఆమె మనసులో ఏమున్నదో నేనే ఊహించుకోవాల్సి వచ్చేది, ఊహించుకోవటంలో నాకు ఎప్పుడూ పొదుపు లేదు. ఈ చిల్లర భయాలన్నీ ఒక ఎత్తు, ఆ ఏడు ఆషాఢంలో ఒక కత్తెర నన్ను పెట్టిన భయం ఒక ఎత్తు. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను కానీ, ఆ నెలంతా నేను నవ్వినట్టు మా అమ్మకు గుర్తు లేదు.

మాది వికారాబాదు. నాయిన పంపు మోటార్లు బాగుచేసేవాడు. ఇంట్లో స్పానర్ల మధ్య పెరిగినందుకో ఏమో, పదో తరగతి కాగానే ఐటీఐలో ఫిట్టరు ట్రేడులో చేరాను. (కుట్టుపని ట్రేడు పక్క గదిలోనే ఉండేది. అందులో చేరి ఉంటే ఇప్పుడు మీకు చెప్పుకోవటానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.) అక్కడ ఇనుమును అరగదీసే ఆకురాయి పట్టి అరచేతులు కాయలు కాసేదాకా నేను చేసిన వస్తువుల్లో ఒక చిన్న సుత్తె ఉంది. దాన్ని ఇంటికి తెచ్చుకుని, ఫోనులో ఒక ముసలాయన చేసి చూపించినట్టు, నల్లగా మార్చాను. రంగు వేసి కాదు, తుప్పుతో. ఉక్కును మెరిసేదాకా తోమి, జిడ్డు లేకుండా కడిగి, ఒక మందు పలచగా పూస్తే కొద్దిసేపటికి దాని మీద సన్నని ఎర్రతుప్పు పడుతుంది. దాన్ని మంచినీళ్ళలో ఉడకబెడితే ఆ ఎరుపు నలుపుగా మారుతుంది. పైన రాలే పొడిని సన్నటి ఉక్కుపీచుతో రుద్దేస్తే కింద పలచని పొర మిగులుతుంది. ఇదే పని నాలుగైదు విడతలు చేసి చివర నూనె రాస్తే నేరేడుపండు మీద ఉండే నీలి నలుపు వస్తుంది, ఆ పొర అసలు తుప్పును దగ్గరికి రానివ్వదు. నా సుత్తె అలా ఎంత అందంగా తయారయిందంటే, పెళ్ళిలో సారె పెట్టెలో చీరల మధ్య దాన్ని కూడా పెట్టుకుని తాండూరు తీసుకుపోయాను. కొత్త కోడలి పెట్టెలోంచి సుత్తె బయటపడటం చూసి మా ఆడబిడ్డ రెండు రోజులు నాతో చాలా మర్యాదగా మాట్లాడింది.

తాండూరులో మా అత్తమ్మ ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. ముందు గదిలో నాపబండల నేల మీద చాప, చాప పక్కన మిషను, మిషను పక్కన గోడకు ఒక మేకు, మేకుకు కత్తెర. ఆ కత్తెర సంగతే వేరు. మామయ్య పోయిన కొత్తలో అత్తమ్మ బజారులో ఒక దర్జీ చాచా దగ్గర హుక్కులు కుట్టే పనికి పోయేదట. కటింగు నేర్పింది ఆయనే. చూపు తగ్గి దుకాణం మూసేసిన రోజున తన బరువైన ఉక్కు కత్తెరను ఆమె చేతిలో పెట్టి, "సంభాల్ కే రఖ్, బేటీ" అన్నాడట. జాగ్రత్తగా పెట్టుకో అని. అత్తమ్మ ఆ మాటను ఎంత గట్టిగా పట్టుకున్నదంటే, ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మా ఆయన కూడా ఆ కత్తెరను ముట్టుకోలేదు. ఎవరైనా దాంతో కాగితం కత్తిరిస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ అంత సాహసం చేయలేదు.

అలాంటి కత్తెరకు ఆ వానల్లో మచ్చలు పడ్డాయి. చేతి చెమటా, గాలిలో తేమా కలిసి అలుగుల మీద, అంటే గుడ్డను కోసే రెండు రేకుల మీద, గోధుమరంగు చుక్కలు తేలాయి. అత్తమ్మ మిషన్ నూనె రాసింది. ఆ నూనె ఎవరిదో తెల్ల జాకెట్టు గుడ్డకు అంటింది. బూడిదతో తోమింది. రెండు రోజులకు మళ్ళీ మచ్చలు. ఒకనాడు అన్నం తింటూ ఆ బాధ చెప్పుకుంటుంటే మా ఆయన, పక్కన నేనొకదాన్ని ఉన్నానని మరిచి, "గింత దానికి ఫికరెందుకమ్మా? ఆషాఢానికి వాళ్ళింటికి పోతది గద, కత్తెర గుడ ఇచ్చి పంపు. సుత్తెను చూడలేదా? కొత్తదాని లెక్క చేసిస్తది" అన్నాడు. అత్తమ్మ నా వైపు చూసింది. కాదంటే చేతకాదని అనుకుంటుంది, ఔనంటే చేయాలి. నా తల ఔనన్నట్టు ఊగింది. నోరు ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

కొత్త కోడలు ఆషాఢంలో పుట్టింటికి పోవాలి, ఆ నెల అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు అని మనకు ఆచారం కదా. బయలుదేరే ముందు అత్తమ్మ కత్తెరను పాత పంచె ముక్కలో చుట్టి, దాని మీద ఇంకో ముక్క చుట్టి, నా ఒడిలో పెట్టింది.

"శ్రావణం పడంగనే వరలక్ష్మి పూజ జాకెట్లొస్తయి బిడ్డా. గప్పటికి ఇది నా చేతిలుండాలె" అన్నది.

"ఉంటది అత్తమ్మా."

"నువ్వు జర ఎనకా ముందు వచ్చినా సరే గని" అన్నది. ఆమె పరాచికం ఆడలేదు. రైలులో తాండూరు నుంచి వికారాబాదు దాకా ఆ మూటను పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాను. ఎదుటి సీటులో ఒక ముసలమ్మ "ఎన్నో నెల?" అని అడగబోయి మూట ఆకారం చూసి ఆగిపోయింది.

ఇంటికి పోగానే పని మొదలుపెట్టాను. మరమేకు విప్పి రెండు అలుగులూ వేరు చేశాను. (అవి విడిపోయిన క్షణంలో నా గుండె కూడా ఒకసారి విడిపోయింది. ఇక ఇది కత్తెర కాదు, రెండు ఇనుప ముక్కలు.) మచ్చలు పోయేదాకా నీళ్ళలో తడిపిన గరుకుకాగితంతో రుద్దాను. బట్టల సోడా వేసిన వేడినీళ్ళలో కడిగాను. మందు కోసం మెడికల్ షాపుకు పోయి, పుండ్లు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడు సీసా అడిగితే, షాపతను "ఎవలికి తాకింది దెబ్బ?" అన్నాడు. "కత్తెరకు" అన్నాను. "కత్తెర తాకిందా?" "తాకలే. కత్తెరకే." అతను సీసా ఇచ్చి, దాంతోపాటు అడగకుండానే కొంచెం దూది కూడా ఇచ్చాడు. ఆ మందులో కాస్త వెనిగరు, చిటికెడు ఉప్పు కలిపి, దూదితోనే పూసి, వేడినీళ్ళ బకెట్టు పెట్టిన స్నానాల గదిలో దారం కట్టి వేలాడదీశాను. వికారాబాదు వానాకాలం గాలి గురించి మీకు చెప్పనక్కరలేదు, అనంతగిరి గుట్టల మీది మబ్బు మా స్నానాల గదిలోకి కూడా వస్తుంది. కొద్దిసేపటికే రెండు అలుగులూ ఎర్రబారాయి.

అమ్మ చూసి గుండె మీద చేయి వేసుకుంది. "తుప్పు పోగొడ్తనని తెచ్చి తుప్పు పట్టిస్తవేందే?"

"గిది మంచి తుప్పమ్మా."

"తుప్పుల మంచిది గుడ ఉంటదా?" అని, ఈ సంగతి వియ్యపురాలికి తెలిస్తే ఎలాగో అని అప్పటినుంచే ఆమె కూడా నాతో సమానంగా భయపడటం మొదలుపెట్టింది. పాలు కాచే గిన్నె ఇవ్వనన్నది. మూలనున్న ఒక సొట్ట స్టీలు గిన్నెను దిగులుగా నా ముందు పెట్టింది.

ఉడకబెట్టి తీసి చూస్తే నలుపు వచ్చింది. కానీ దాని మీద సున్నం చిలకరించినట్టు తెల్లని మరకలు. అంతకన్నా ఘోరం, ఒక అలుగు నడుమ నల్లదనంలో ఒక బొటనవేలి ముద్ర, గీతలన్నీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా, తళతళా మెరుస్తోంది. మందు పూసే ముందు నాయిన "జర సూస్తనియ్యి" అని చేతిలోకి తీసుకున్నాడు. మోటారు గ్రీజు చేతులు. గ్రీజు ఉన్నచోట తుప్పు పట్టలేదు, తుప్పు లేనిచోట నలుపు రాలేదు. నాయిన ఆ ముద్రను అద్దాల పైనుంచీ కిందనుంచీ చూసి, "నాదే" అని ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే ఏం లాభం? మొత్తం మళ్ళీ రుద్ది, మళ్ళీ మొదటికి రావలసిందే.

వేలిముద్రకు కారణం తెలిసింది, తెల్లమరకలకు తెలియలేదు. రెండోసారి చేసినా అవే మరకలు. అప్పట్లో సుత్తెకు రాలేదే అని నేను తల పట్టుకుంటే, అమ్మ కూరగాయలు తరుగుతూ, "గప్పుడు మన బోరు మోటరు కాలి ఉండె గదనే. వాననీళ్ళే పట్టుకున్నం" అన్నది. అంతే. మా బోరు నీళ్ళు పోసిన బిందెకే లోపల తెల్లగా పేరుకుంటుంది, అవే నీళ్ళలో కత్తెరను ఉడికిస్తే ఊరుకుంటాయా? వాననీళ్ళు కావాలి. ఆ మాట అనుకున్న రోజు నుంచీ వాన పడటం మానేసింది. మబ్బు పడుతుంది, గాలి వీస్తుంది, ఒక్క చినుకు రాలదు. బొంరాస్‌పేటలో మా చిన్నాయన కందులు వేసి ఆకాశం చూస్తున్నాడు, వికారాబాదులో నేను కత్తెర విప్పి ఆకాశం చూస్తున్నాను. ఫోను చేసినప్పుడు ఇద్దరం ఒకరినొకరు ఓదార్చుకునేవాళ్ళం. ఆయనకు నా బాధ ఏమిటో తెలియదు, పైరు మీద పిల్లకు ఎంత ప్రేమ అనుకున్నాడు.

ఈ మధ్యలో అత్తమ్మ ఫోన్లు. రోజూ పొద్దున వచ్చేవి.

"ఎట్లున్నది బిడ్డా?"

"మంచిగనే ఉన్న అత్తమ్మా."

"నువ్వు గాదు, కత్తెర."

"అది గుడ మంచిగనే ఉన్నది."

"వీడియోల జూపెట్టు."

"ఆషాఢంల ఒకరి మొఖం ఒకరు చూడొద్దంట గద అత్తమ్మా" అన్నాను, ఆచారం మీద నాకున్న గౌరవాన్నంతా గొంతులోకి తెచ్చుకుని. "నీ మొఖం ఎవలడిగిండ్రు? కత్తెర మొఖం జూపెట్టు" అన్నది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ చేయి అడ్డంగా ఊపి, ఫోను తీసుకుని, "వదినా, ఈడ సిగ్నల్ మంచిగ లేదు" అని గట్టిగా, ఎంతో స్పష్టంగా వినపడేలా చెప్పి పెట్టేసింది.

ఆషాఢం సగం దాటాక ఒకరోజు మధ్యాహ్నం దబదబా వాన మొదలైంది. అమ్మా నేనూ ఇంట్లో ఉన్న బకెట్లు, గంగాళాలు, ఆఖరికి పూజగదిలో చెంబు కూడా తెచ్చి చూరు కింద పెట్టాం. అంతకు ముందే మందు పూసి వేలాడదీసిన అలుగులు స్నానాల గదిలో ఎర్రగా ఎదురుచూస్తున్నాయి. ఈసారి నాయినను బయటికి పంపి మరీ పూశాను. పక్కింటి వాళ్ళు మమ్మల్ని కూడా పెట్టుకోమని ముందురోజు మైదాకు నూరి ఇస్తే అమ్మ బలవంతంగా నా చేతులకు పెట్టింది, అవీ అప్పటికి ఎర్రగా పండి ఉన్నాయి. ఆ ఎర్రటి చేతులతో నేను దారం పట్టుకుని అలుగులు బయటికి తెస్తుంటే, గేటు చప్పుడైంది. కిటికీలోంచి చూసి అమ్మ గోడ పట్టుకుంది.

"మీ అత్త" అన్నది.

అత్తమ్మ గొడుగు కింద నిలబడి ఉంది. "అనంతగిరి గుట్టకు దర్శనానికొచ్చిన వదినా, గట్లనే పోతు పోతు పలకరిద్దామని" అన్నది అమ్మతో. చేతిలో ప్రసాదం లేదు, చెప్పులకు గుట్ట మీది ఎర్రమట్టి లేదు, స్టేషను నుంచి ఆటోలో నేరుగా వచ్చినట్టు చీర అంచు మాత్రమే తడిసింది. లోపలికి రమ్మనటానికి లేదు, గడప ఉంది. పొమ్మనటానికి లేదు, వియ్యపురాలు. అమ్మ రేకుల కింద కుర్చీ వేసి, "గేటుకు గడపుండదు వదినా, ఈడిదాక రావొచ్చు" అని శాస్త్రం చెప్పి కూర్చోమన్నది. అత్తమ్మ కూర్చోలేదు.

"పిల్లను రమ్మనద్దులే, ఆచారం తప్పుతది. కత్తెర ఒక్కటి బయటికి తేండ్రి, జూసి పోత."

"కత్తెర తానం చేస్తున్నది వదినా" అన్నది మా అమ్మ. ఆమె జీవితంలో అబద్ధాలు చాలా తక్కువ, అందుకే ఒక్కటీ కుదరదు.

ఇక దాచి లాభం లేదనిపించింది. నేను గడప లోపలే నిలబడి దారాలతో రెండు అలుగులూ పైకెత్తి చూపించాను. ఒక్కో అలుగూ, మొన నుంచి పిడి దాకా, ఇటుకపొడి అద్దినట్టు ఎర్రగా ఉంది. వాటిని పట్టుకున్న నా చేతులు అంతకన్నా ఎర్రగా ఉన్నాయి. అత్తమ్మ వాటిని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ వాటిని చూసింది. అమ్మ ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఆషాఢం గద వదినా, మైదాకు పెట్టింది దానికి గుడ" అన్నది.

అత్తమ్మ తిట్టి ఉంటే బాగుండేది. ఆమె మెల్లగా కుర్చీలో కూర్చుని, "చాచా ఇచ్చిండు గది" అన్నది. నాతో కాదు, వానతో అన్నట్టు. రాబోయే ముప్ఫై ఏళ్ళ నా కాపురం అప్పుడే కళ్ళముందు కనిపించింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎవరైనా నన్ను చూపించి "గీమెనేనా కత్తెర ఖరాబు చేసిన కోడలు?" అని అడుగుతూ ఉంటారు.

"అత్తమ్మా, జర కూసోండ్రి. ఒక్క చాయ్ తాగేంతసేపు. గిప్పుడు నల్లగయితది" అన్నాను.

వంటింటి కిటికీ సరిగ్గా ఆ రేకుల కిందికే తెరుచుకుంటుంది. సొట్టగిన్నెలో వాననీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాను. నీళ్ళు మరిగాక అలుగులు అందులోకి దించాను. కిటికీకి అవతల అత్తమ్మ, ఇవతల నేను, నడుమ గిన్నె. అమ్మ కిటికీ ఊచల మధ్యనుంచి చాయ్ అందించింది. (కిటికీకి కూడా గడప ఉండదు.) అత్తమ్మ గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు. నీళ్ళు కుతకుతలాడుతున్నాయి, అలుగులు ఎర్రగానే ఉన్నాయి. నాకు తెలిసిన దేవుళ్ళందరూ అయిపోయి, ఇక గిన్నెతోనే నేరుగా మాట్లాడటం మొదలుపెట్టాను. "నల్లబడు తల్లీ, నల్లబడు" అని పెదాలు కదిలించకుండా గొణుగుతున్నాను. సుత్తె అప్పుడు ఎంతసేపటికి మారిందో గుర్తు లేదు, ఎందుకంటే అప్పుడు నేను భయపడలేదు, భయపడని విషయాలు నాకు గుర్తుండవు.

మొదట పిడి దగ్గర ఎరుపు కాస్త మురికిగా కనిపించింది. నా కళ్ళే అనుకున్నాను. తర్వాత ఆ మురికి మొన వైపు పాకింది. చూస్తుండగానే ఎరుపు వంకాయరంగుకు, వంకాయరంగు మసిరంగుకు తిరిగింది. ఊచలు పట్టుకుని అత్తమ్మ ఎప్పుడు లేచి నిలబడిందో నేను చూడలేదు. ఆమె ముక్కు కిటికీలోంచి లోపలికి వచ్చి ఉంది.

"ఎర్రది ఏడికి వోయింది?" అన్నది.

"ఏడికీ పోలేదు అత్తమ్మా. అదే నల్లగయింది." పట్టకారతో తీసి, ఆరాక, ఉక్కుపీచుతో మెత్తగా రుద్దాను. మసి రాలిపోయి కింద సమానంగా, ఒక్క తెల్లమరక లేకుండా, ముదురు బూడిదరంగు కనిపించింది. ఊచల దగ్గరికి తెచ్చి చూపించాను. ఆమె ముట్టుకోబోయి, నేను "వద్దు, చేతికి జిడ్డుంటది" అనగానే చేయి వెనక్కి తీసుకుంది. చాచా కత్తెరను ముట్టుకోవద్దని ఆమెతో అన్న మొదటి మనిషిని నేనేనేమో.

"అయిపోయినట్టేనా?"

"లేదు అత్తమ్మా. మళ్ళ ఎర్రగ చెయ్యాలె, మళ్ళ ఉడకబెట్టాలె. ఇంక మూడు నాలుగుసార్లు."

అత్తమ్మ చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసింది. "మూడు నాలుగుసార్లు గిట్ల చూసుడు నాతోని కాదు వదినా. నేను పోత" అని గొడుగు తీసుకుని వానలో వెళ్ళిపోయింది. ఆ తర్వాత శ్రావణం దాకా ఆమె ఫోను చేయలేదు. ఫోను రానందుకు కూడా నేను భయపడ్డాను.

కత్తెర మాత్రం అద్భుతంగా తయారైంది. విడతకొక ఛాయ దిగి, చివర నూనె రాసేసరికి నేరేడుపండు సిగ్గుపడేలా ఉంది. మరమేకు బిగించి, తెరిచి మూస్తే నూనెలో జారినట్టు కదిలింది. శ్రావణం పాడ్యమి నాడు మా ఆయనతో కలిసి తాండూరు రైలెక్కినప్పుడు, నెలలో మొదటిసారి నేను కిటికీలోంచి పొలాలు చూశాను.

ముందు గది నిండా ఆడవాళ్ళు. అందరి చేతుల్లో జాకెట్టు గుడ్డలు. అత్తమ్మ మమ్మల్ని చూసి, కాళ్ళకు నీళ్ళు ఇమ్మని ఆడబిడ్డకు చెప్పి, చేయి చాచింది. మూట విప్పింది. ఒకామె "గిది మీ కత్తెరనేనా అక్కా?" అన్నది. అత్తమ్మ అలుగు మీద వేలితో మెల్లగా రాసి, ఒక పాత గుడ్డముక్క తీసుకుని, కత్తెర తెరిచి, మూసింది.

గుడ్డ తెగలేదు. రెండు అలుగుల మధ్య మడతపడి అలాగే ఇరుక్కుంది. మళ్ళీ మూసింది. కత్తెర గుడ్డను నమిలింది.

ఎందుకో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తుప్పు పట్టించినన్నిసార్లూ అది అంచును కూడా తినేసింది. సుత్తెకు పదును ఉండదు కదా, అందుకని నాకు ఆ ఆలోచనే రాలేదు. నేను ఎంత అందంగా, ఎంత ఓపికగా, విడతల వారీగా ఆ కత్తెరను మొద్దును చేశానో! అందరూ నా వైపు చూడబోతున్నారు. చాప మీద కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె అప్పటికే నోరు తెరిచింది.

అత్తమ్మ గుడ్డముక్కను మెల్లగా లాగేసి, కత్తెరను మళ్ళీ మూటలో చుట్టింది. "ఇయ్యాల కటింగ్ లేదు. కోడలు గిప్పుడే వచ్చింది, ఇంట్ల పనున్నది. గుడ్డలు పెట్టి పోండ్రి, రేపు జూద్దాం" అన్నది. గొంతులో ఏ తేడా లేదు. వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. మా ఆయన ఏదో అనబోతే, "నువ్వు జర కూసో, నీ మాటతోనే గీ లొల్లంతా" అని, నా వైపు తిరిగి, "నడువు" అన్నది.

సాన పట్టే ఆయన బస్టాండు దగ్గర సైకిలు మీద చక్రం పెట్టుకుని ఉంటాడు. దారంతా నేను ఏడుపు ఆపుకుంటూ ఆమె వెనకే నడిచాను. ఆయన కత్తెర చూసి, అటూ ఇటూ తిప్పి, "కొత్తది కొన్నరా అమ్మా?" అన్నాడు.

"కత్తెర పాతదే. కోడలు కొత్తది" అన్నది అత్తమ్మ.

ఆయన తొక్కటం మొదలుపెట్టాడు. నిప్పురవ్వలు ఎగిరాయి. అన్ని విడతల నలుపు అంచు పొడుగునా ఒక సన్నని తెల్లగీతగా లేచిపోతుంటే, దాన్ని చూసి నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అత్తమ్మ తన చెంగు కొనను అలుగుల మధ్య పెట్టి చూస్తోంది. కిచ్‌మని చప్పుడు. చెంగు నుంచి ఒక నూలుపోగు అంత ముక్క నేల మీద పడింది. ఆమె తల ఒక్కసారి ఆడించింది. నల్లటి అలుగు, తెల్లటి అంచు. నేను అనుకున్నదాని కన్నా అదే బాగుందని ఒప్పుకోవాలి.

తిరిగి నడుస్తుంటే ఉన్నట్టుండి అడిగింది. "నన్ను జూస్తే నీకు భయమా?"

"లేదు అత్తమ్మా."

"ఉన్నది. తుమ్మొస్తే గుడ పెరట్లకురుకుతవు." కొంచెం దూరం నడిచాక, "నాకు గుడ నిన్ను జూస్తే భయమే. మిషన్ల పని నేర్చిన పిల్ల, పెట్టెల సుత్తె పెట్టుకొచ్చిన పిల్ల, నాతోని ఉంటదో లేదో, ఏమంటే ఏమనుకుంటదో అని నేనేం అనకపోతుంటి. గా దినం కిటికీ కాడ నీ మొఖం జూసిన. నాకన్న ఎక్కువ పరేషాన్‌ల ఉన్నవు. గప్పుడు నా పాణం జర నిమ్మలమైంది" అన్నది. నేను తుమ్మాను. బజారు నడుమ, గట్టిగా. ఆమె నవ్వింది, నెల తర్వాత నేనూ నవ్వాను.

ఆ తర్వాత చాలా పనిముట్లను ఇలాగే నల్లబరిచాను. నాయిన స్పానర్లు, పక్కింటి మంగలాయన కత్తెరలు, మా ఆయన ఆఫీసులో కొలతలకు వాడే ఉక్కు మట్టపుబద్దలు. పదును ఉన్నచోట గోళ్ళరంగు పూసి కాపాడటం నేర్చుకున్నాను. ఇప్పుడు అలుగు గిన్నెలో వేసి, పక్క పొయ్యి మీద పోపు పెట్టుకుంటాను, ఫోను మాట్లాడతాను, ఒక్కోసారి గిన్నె సంగతే మరిచిపోతాను. ఎర్రది నల్లబడుతుందని నాకు తెలుసు. ఆ పిల్లకు తెలియదు. కొత్త మట్టెలు వేసుకుని, పండిన చేతులతో పట్టకార పట్టుకుని, ఉడుకుతున్న నీళ్ళను బతిమాలుతూ నిలబడిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఎంత పిచ్చిదో అని నవ్వుకుంటాను. నవ్వుకుని ఊరుకోను, కాస్త అసూయ కూడా పడతాను. ఇన్నేళ్ళలో ఎన్నో గిన్నెలు పొయ్యి మీద పెట్టాను కానీ, అంత నిష్ఠగా ఒక్కదాని ముందూ మళ్ళీ నిలబడలేదు.